పడిపోయే ముల్లు

తాళం చెవి ఇంకా బావగారి జేబులోనే ఉంది.

“ఇచ్చెయ్ అన్నా,” అన్నాడు ఎర్మెక్.

“ఇవ్వను.”

“లారీ నాది.”

“నాన్నది,” అన్నారు తోక్తోసున్ బావగారు, రొట్టె ముక్కని మీగడలో ముంచుతూ. “నమ్మి నీ చేతికిచ్చి పోయాడు. నువ్వు చంపుకున్నావు. పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టాను, మధ్యాహ్నానికి గొలుసు పట్టుకుని వస్తాడు. తాళం వాడి చేతిలోనే పెడతా.”

నిన్న పొద్దుగూకిన దగ్గర్నించి సాగుతున్న గొడవ ఇది. పడుకుని లేచి, మొహాలు కడుక్కుని, టీతో పాటు మళ్ళీ మొదలెట్టారు. గిన్నెల్లో టీ పోసి అందరికీ అందించడం నా పని కనక నాకు లేచిపోవడానికి లేదు. పోస్తున్నాను, వింటున్నాను, లోపల ఉడికిపోతున్నాను. పెద్దల ముందు కోడలు నోరెత్తకూడదని కట్టడి చేసినవాళ్ళు ఆ కోడలి చెవులు కూడా మూసేసి ఉంటే పుణ్యం ఉండేది.

“బురుల్, నాకు ఇంకాస్త చిక్కగా పొయ్యమ్మా,” అంటూ బావగారు గిన్నె చాపారు. తమ్ముడి కడుపు కొడుతూ కూడా టీ చిక్కదనం చూసుకునే మనిషి ఆయన.

ఎర్మెక్ తన గిన్నె ముట్టలేదు. నా మొగుడికి కోపం వస్తే అరవడు, తిండి మానేస్తాడు. ఈ వారంలో అతని బుగ్గలు లోపలికి పోయాయి. చూస్తుంటే నాకు ఏడుపొస్తోంది.

వారం కిందట కనుమ ఎక్కుతుండగా నీలెద్దు ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా మీద పడింది. నీలెద్దు అంటే మా లారీ. ఆ పేరు మామగారు పెట్టుకున్నది. నీలం రంగు, మొండి మూతి, వయసులో ఎర్మెక్ కన్నా పెద్దది. ముల్లు పడగానే అతను ఇంజన్ ఆపేసి, ఎవరిదో ట్రాక్టరుకి కట్టించుకుని, ఊరంతా చూస్తుండగా ఇంటికి లాక్కొచ్చాడు. ఆ ట్రాక్టరు మర్నాడే కొండెక్కి వెళ్ళిపోయింది. మా గొర్రెలు కూడా పక్కింటివాళ్ళ మందతో కలిసి వేసవి మేతకి వెళ్ళిపోయాయి. ఊళ్ళో బండి ఉన్న ప్రతి ఇల్లూ ఖాళీ. మా గుడారం మాత్రం చుట్టిన ఉన్ని పట్టాలతో, కట్టెలతో వాకిట్లో పడి ఉంది. మేమూ దాని పక్కనే పడి ఉన్నాం.

లారీ పోతే ఏమవుతుందో బావగారు నిన్ననే చెప్పేశారు. మా గొర్రెలు ఆయన మందలో కలుస్తాయి. ఎర్మెక్ ఆయన దగ్గర కాపరిగా ఉంటాడు. మా ఇళ్ళలో పొయ్యీ, తల్లీ, గుమ్మమూ చిన్న కొడుక్కే దక్కుతాయి. పేరుకి ఇంటి యజమాని, పనికి అన్న కింద పాలేరు. దాన్నైనా ఎర్మెక్ ఓర్చుకుంటాడేమో గాని, తండ్రి లారీని చంపినవాడన్న పేరు మాత్రం మోయలేడు. నాకు తెలుసు.

“ఆయిల్ ఉందన్నా,” అన్నాడు ఎర్మెక్. “కడ్డీ తీసి నువ్వే చూశావు. పై గీత దాకా ఉంది.”

“ఇప్పుడుంది. అప్పుడుందా? ఎండబెట్టి నడిపి, ఇంటికొచ్చి పోసుకుని ఉంటావు.”

“ఒట్టు, నేనలా చెయ్యలేదు.”

“మరి ముల్లెందుకు పడింది? బేరింగులు అరిగితే పడుతుంది. బేరింగులు ఎందుకరుగుతాయి? ఆయిల్ లేకపోతే అరుగుతాయి. ఇంతోటి దానికి మెకానిక్కుని పిలవాలా?”

“ముల్లే అబద్ధం చెబుతోందేమోనని ముందు అనుకున్నా...”

“అదిగో!” బావగారు తొడ మీద చరుచుకున్నారు. “ముల్లు మీదికి నెట్టేద్దామనా? నా కారులో కూడా మొన్నటి నుంచి ఆయిల్ దీపం మిణుకుమంటోంది. చెడిపోయిందది. ఏం చేశాను? బల్బు పీకేశాను. ఇదిగో.” జేబులోంచి తాళం చెవితో పాటు బఠాణీ గింజంత బల్బు తీసి చూపించి మళ్ళీ లోపల వేసుకున్నారు. “దీపం పోయిందని నేను ఇంటిల్లిపాదినీ ఏడిపించానా? కారు ఇవాళ కూడా గుర్రంలా వెళ్ళింది.”

వెళ్ళిన మాట నిజం. తెల్లవారగానే తోటికోడలు షైర్‌గుల్ పిల్లలిద్దర్నీ ఆ కారులో ఎక్కించుకుని, కనుమ అవతల ఉన్న పుట్టింటికి బయల్దేరింది. ఇక్కడ ఈ లారీ శవాన్ని సాగనంపడానికి బావగారు ఆగిపోయారు. కారు కదిలేటప్పుడు అత్తమ్మ గిన్నెలో పాలు తెచ్చి చక్రాల మీద చిలకరించి, “మీ దారి తెల్లగా ఉండాలి తల్లీ,” అంది. పిల్లలు వెనకద్దంలోంచి చేతులూపారు.

ఆ అత్తమ్మే, జూరకాన్ అత్తమ్మ, ఇప్పుడు పొయ్యి పక్కన ఉన్ని ఏకుతూ కూర్చుంది. మామగారు పోయిన చలికాలం నుంచి ఆవిడ మాటలు తగ్గాయి. కాని నిన్నటి నుంచి ఈ మౌనం వేరు. కొడుకులిద్దరూ కొట్టుకు చస్తుంటే ఏ తల్లైనా ఒకడి వైపో ఇంకొకడి వైపో మాట్లాడుతుంది. ఈవిడ ఇద్దరి వైపూ చూడటం లేదు.

“అమ్మా,” అన్నారు బావగారు గొంతు మార్చి. “నేను వచ్చిన పని ఇంకోటుంది. నాన్న టోపీ ఇయ్యి, ఆ తెల్ల కల్పాక్.”

అత్తమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఏడాది భోజనాల రోజున నేను పెట్టుకోవాలి. పెద్దకొడుకుని. ఈ వసంతం మొదట్లో అడిగితే పెట్టెలో ఉందన్నావు. మొన్నడిగినా అదే మాట.”

“పెట్టెలోనే ఉందిరా.”

“అయితే తాళం తియ్యి.”

“ఇవాళ కాదు.”

“ఎందుక్కాదు?”

“కాదన్నానుగా!” ఆవిడ అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, “ఆ లారీని పోనివ్వండి. ఇంజన్ అదీ విప్పకండి. మీ నాన్న చేత్తో బిగించిన బోల్టులవి,” అంది.

ఎర్మెక్ తల్లి వైపు చూశాడు. అన్న అమ్మేస్తానన్నందుకు కాదు, తల్లి పోనివ్వమన్నందుకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకిక ఆగలేదు. మర్యాద మంటగలవనీ అనుకున్నాను.

“బావగారూ, ఒక్క మాట.”

ముగ్గురూ నా వైపు తిరిగారు. తల మీది గుడ్డ సర్దుకున్నాను.

“బేరింగులు అరిగితే, ఇంజన్ వేడెక్కి ఊరికే నిలబడి ఉన్నప్పుడు ముల్లు కిందికి దిగుతుంది. తొక్కితే లేస్తుంది. మా నీలెద్దుది తలకిందుల రోగం. నిలబడి ఉంటే బాగానే ఉంటుంది, తొక్కితే పడుతుంది.”

“నీకెవరు చెప్పారు?”

“మా నాన్న కోతయంత్రం నడిపేవాడు కదండీ. చలికాలమంతా దాన్ని విప్పుకుని కూర్చునేవాడు. లాంతరు పట్టుకునేదాన్ని నేనే.”

బావగారు తమ్ముడి వైపు చూసి మూతి విరిచారు. “విన్నావా? నిన్ను కాపాడటానికి నీ పెళ్ళాం కోతయంత్రమెక్కి వచ్చింది.”

“నవ్వండి బావగారూ. నవ్వి, ఒక్కసారి బయటికొచ్చి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

ఎగతాళి చేస్తారే గాని, బావగారు అన్యాయం మనిషి కాదు. కాస్సేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత లేచి నిలబడ్డారు.

“సరే. అందరి ముందూ చెబుతున్నా. ముల్లు చూద్దాం. కింద ఆయిల్ ఛాంబర్ విప్పుదాం. అడుగున మెరిసే పొడి కనిపించిందా, బేరింగులు పోయినట్టే, ఎర్మెక్ నోరు మూసుకుని నా వెంట రావాలి. పొడి లేదా, తాళం వాడిదే. నాన్న సమాధి దగ్గరికెళ్ళి నేను తప్పొప్పుకుంటా.”

“వద్దురా,” అంది అత్తమ్మ.

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు.

* * *

వాకిట్లో మంచు కరిగిన నీళ్ళు ఇంకా పిల్లకాలువగా పారుతున్నాయి. బావగారు తాళం ఇచ్చారు, కాని లారీ తలుపు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు, తమ్ముడు లారీతో సహా పారిపోతాడేమో అన్నట్టు.

ఎర్మెక్ మీట నొక్కాడు. నీలెద్దు దగ్గి, తుమ్మి, అందుకుంది. ముల్లు ఠక్కున లేచి నిలబడింది.

“బాగానే ఉందిగా,” అన్నారు బావగారు.

“చల్లగా ఉంది. కాస్త వేడెక్కనివ్వండి.”

వేడెక్కింది. ముల్లు కొంచెం దిగింది గాని నిలబడే ఉంది. “ఇప్పుడు తొక్కి పట్టు,” అన్నాను. ఎర్మెక్ పెడల్ మీద కాలు వేసి అలాగే ఉంచాడు. ఇంజన్ హోరెత్తింది, ఎవరిదో కుక్క మొరిగింది. ముల్లు ముందు వణికింది. తర్వాత మెల్లగా, మేం చూస్తుండగానే, సున్నా వైపు వాలిపోయింది.

“ఆపు!” అని బావగారూ నేనూ ఒకేసారి అరిచాం.

హోరు ఆగిపోయింది. నేను లోపలికెళ్ళి టీ తెచ్చాను. ఇంజన్‌కి కాస్త వ్యవధి ఇవ్వాలని కావాలనే నెమ్మదిగా తెచ్చాను. వాళ్ళిద్దరూ లారీ మెట్టు మీద పక్కపక్కనే కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా టీ తాగారు. ఎర్మెక్ తాగాడు! నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

“ఇప్పుడు మళ్ళీ వెయ్యి,” అన్నాను.

ముల్లు ఠక్కున లేచి నిలబడింది, ఏమీ ఎరగనట్టు.

“అరిగిన బేరింగు టీ తాగేలోపు బాగుపడదండీ,” అన్నాను. “కింద ఛాంబర్లో ఆయిల్ పీల్చే గొట్టానికి ఒక జల్లెడ ఉంటుంది. దానికి ఏదో అడ్డం పడుతోంది. గట్టిగా పీలిస్తే వచ్చి అతుక్కుంటోంది. ఆపితే ఊడి పక్కకి జారుతోంది. మొన్న ఈయన చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు ఇంకా తొందరగా పడింది, అడగండి.”

“పోశావా?” అన్నారు బావగారు.

“పోశా. నాన్న పోసేవాడు కదా,” అన్నాడు ఎర్మెక్. “అప్పుడు పనిచేసేది. ఈసారి చెయ్యలేదు.”

“అడ్డం పడటానికి ఛాంబర్లోకి ఏదొస్తుంది? పైన మూతుంది.”

“అదే కదండీ విప్పి చూడాల్సింది.”

బావగారు కోటు విప్పి మెట్టు మీద పడేశారు. “విప్పు.”

ఎర్మెక్ పాత ఉన్ని చాప పరుచుకుని లారీ కిందికి దూరాడు. వేడి ఆయిల్ నల్లగా బేసిన్లోకి దిగింది. తర్వాత బోల్టులు. కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. ఏ సైజు పానా కావాలో అతను చెప్పలేదు, బావగారు అడగలేదు, సరైన పానా ఆ చేతిలో పెట్టారు. మళ్ళీ చెయ్యి వచ్చింది, మళ్ళీ పెట్టారు. చిన్నప్పుడు మామగారు లారీ కింద ఉంటే వీళ్ళిద్దరూ ఇలాగే చేసి ఉంటారు. ఇంత తెలిసిన అన్నదమ్ములు రాత్రంతా ఒకరినొకరు ఎలా పీక్కుతిన్నారా అని నాకు ఒళ్ళు మండింది.

“ఆ ఇనుము మనిషి ఎక్కడిదాకా వచ్చాడో కనుక్కుంటా,” అని బావగారు గుట్ట ఎక్కడానికి వెళ్ళారు. మా ఊళ్ళో ఫోను పలికేది ఆ గుట్ట మీదే.

ఆయన అటు వెళ్ళగానే చివరి బోల్టు ఊడింది.

“బురుల్, దీపం ఇటు పట్టు.”

నేను మోకాళ్ళ మీద వంగి దీపం కిందికి పట్టాను. ఛాంబర్ పళ్ళెంలా కిందికి దిగింది. ఎర్మెక్ అడుగున వేలితో రాసి వెలుతురులో పెట్టి చూశాడు. నల్లటి జిడ్డు, అంతే. మెరుపన్నది లేదు.

“లేదు!” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “పొడి లేదు! చూశావా, నీది తప్పు కాదు!”

అతను నవ్వాడు. ఎన్నాళ్ళ తర్వాతో చూశాను ఆ నవ్వుని. తర్వాత జల్లెడ వైపు చెయ్యి చాపాడు.

జల్లెడ కనపడలేదు. దాని చుట్టూ నల్లటి ముద్ద ఒకటి, తడిసిన ఎలకలా, కరుచుకుని ఉంది. ఎర్మెక్ దాన్ని మెల్లగా లాగాడు. పోగులు పోగులుగా సాగింది. పిండితే ఆయిల్ కారింది. పక్కనున్న కిరసనాయిలు డబ్బాలో ముంచి ఆడించి బయటికి తీశాడు.

ఉన్ని. దగ్గరగా తొక్కి గట్టిపరిచిన, సన్నటి, తెల్ల ఉన్ని.

“మూత కింద ఉండేది,” అన్నాడు ఎర్మెక్ మెల్లగా. “ఆయిల్ పోసే మూత లేదూ, దాని రబ్బరు చుట్టు పోయింది. చలికాలంలో ఒకసారి తీసి చూస్తే ఉన్నితో చుట్టు కత్తిరించి పెట్టి ఉంది. నాన్న పెట్టాడనుకున్నా. తర్వాత కనపళ్ళేదు. ఎక్కడో పడిపోయిందనుకున్నా.”

“లోపలికి పడింది. వేడి ఆయిల్లో నాని, ముక్కలై...”

నా మాట అక్కడే ఆగింది. అతని వేళ్ళ మధ్య ఉన్న ముక్క మీద నల్ల దారంతో కుట్టు ఉంది. పొట్టేలు కొమ్ములా మెలి తిరిగి, మెలి మధ్యలో చిన్న ముడి. ఈ ఇంట్లో మగవాళ్ళ తల మీద తప్ప ఇంకెక్కడా ఉండని కుట్టు. అత్తమ్మ కుట్టు.

మామగారి కల్పాక్.

మామగారు పోయిన రోజున ఆ టోపీని తెల్లగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టడం నేను కళ్ళారా చూశాను. అప్పుడది నిండుగా ఉంది. ఆ పెట్టె తాళం ఎప్పుడూ అత్తమ్మ మెడలోనే వేలాడుతుంది.

మా దగ్గర కల్పాక్‌ని నేల మీద పెట్టరు. దాటరు. అమ్మరు. పోయినవాడిదైతే కొడుకు నెత్తిన పెట్టుకుంటాడు. దాన్ని కత్తెరతో కోసి లారీలో కూరినవాళ్ళని ఏమంటారో నేను ఎప్పుడూ వినలేదు, ఎందుకంటే అలా చేసినవాళ్ళు లేరు.

ఎర్మెక్ నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థమైంది. ‘దాచొద్దు’ అన్నట్టు తల అడ్డంగా ఊపాను. అతను ఆ ముక్కని పిడికిట్లో మూశాడు.

గుట్ట దిగి వస్తున్న బావగారి బూట్ల చప్పుడు వినిపించింది.

“దారిలోనే ఉన్నాట్ట,” అన్నారు ఆయన వంగి చూస్తూ. “ఏమైంది? దిగిందా?”

“దిగింది.”

బావగారు ఛాంబర్ని బయటికి లాక్కున్నారు. ఎండలో పెట్టి, వేలితో అడుగంతా తడిమారు. ఒకసారి కాదు, మూలమూలా. ఆయన మొహంలో బిగువు సడలింది.

“పొడి లేదు,” అన్నారు. ఒప్పుకోవడానికి కష్టపడ్డారు గాని ఒప్పుకున్నారు. “ఒరేయ్, పొడి లేదు. మరి జల్లెడకేమైంది?”

“జల్లెడ బాగానే ఉంది,” అన్నాడు ఎర్మెక్.

“బాగానే ఉంటే ముల్లెందుకు పడింది?”

“పంపు అరిగిందేమో. నేను సరిగ్గా చూసుకోలేదు. ఒకసారి ఆయిల్ తక్కువుంటే కూడా నడిపా.” అతను లారీ కింద నుంచి బయటికొచ్చి నిలబడ్డాడు. మొహమంతా ఆయిల్. “నాదే తప్పన్నా. వాడొస్తే తీసుకుపొమ్మను. నేను నీ వెంట వస్తా.”

నేనైతే ఆ క్షణాన నా మొగుణ్ణి పట్టుకుని కుదిపేయాలనుకున్నాను. రాత్రంతా కాదు కాదని ఏడ్చిన మనిషి, కాదని తేలిపోయాక అవునంటున్నాడు! చెప్పేస్తే లారీ దక్కుతుంది, పేరు దక్కుతుంది, మా గొర్రెలు మాకు దక్కుతాయి. చెప్తే అత్తమ్మ ఏమవుతుంది? నా నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళతో పట్టుకున్నాను. పట్టుకున్నానే గాని, ఎంతసేపు పట్టుకోగలనో నాకే తెలీదు.

“నిన్నంతా కాదన్నావు,” అన్నారు బావగారు నెమ్మదిగా. “ఇప్పుడు నీదే తప్పంటావా?”

“అవును.”

“ఆ చేతిలో ఏముంది?”

“ఏమీ లేదు.”

“పిడికిలి తెరువు.”

“ఏమీ లేదన్నానుగా!”

బావగారు తమ్ముడి మణికట్టు పట్టుకున్నారు. ఎర్మెక్ వదిలించుకోబోయాడు. మామగారు పోయాక వీళ్ళిద్దరూ ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదటిసారి, అది కూడా పెనుగులాటకి. కిరసనాయిలు డబ్బా తన్నుకుని దొర్లింది. “బావగారూ, వదలండి!” అని నేను మధ్యలోకి వెళ్ళాను.

“వాడి చెయ్యి వదులు.”

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో తాళం లేదు. రెండు చేతుల మీదా తెల్లగుడ్డ మూట ఉంది.

ఆవిడ మెట్లు దిగి, పారుతున్న నీళ్ళు దాటి, మా మధ్యకి వచ్చింది. మూట విప్పింది. మామగారి కల్పాక్. ఒక పక్కన గుండ్రంగా కోసిన చిల్లు.

“కోసింది నేను,” అంది. “వాడు కాదు. వాడికి తెలీదు.”

ఎర్మెక్ పిడికిలి దానంతటదే తెరుచుకుంది. బావగారు ఆ ముక్కనీ చిల్లునీ మార్చి మార్చి చూశారు.

“నాన్న టోపీని... అమ్మా, నాన్న టోపీని కత్తెరతో కోశావా?”

“కోశా. నలభయ్యో రోజు భోజనాలకి అందరూ వచ్చారు చూడు, ఆ రోజు. బళ్ళన్నీ వాకిట్లో ఉన్నాయి. మీరంతా లోపల కూర్చుని మాంసం తింటున్నారు.” ఆవిడ ఎవరి వైపూ చూడకుండా, లారీ నీలం తలుపు వైపు చూస్తూ మాట్లాడుతోంది. “బతికున్నన్నాళ్ళూ మీ నాన్న కనుమ ఎక్కేటప్పుడు వీడి పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు పక్కనెవరున్నారు? మంచులో, ఆ మలుపుల్లో, ఒక్కడే పోతాడు. నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన తల మీద ఉన్నది కాస్త వీడి బండిలో ఉంటే, ఆయనే ఉన్నట్టని... ఆ మూత రబ్బరు ఎలాగూ పోయిందని వీడే అన్నాడు. అక్కడ పెట్టా. తప్పే. ఉన్ని ఊడి ఇంజన్ గొంతు పట్టుకుంటుందని నాకేం తెలుసురా? నేను కాపాడుతున్నాననుకున్నా.”

ఎర్మెక్ తల్లి భుజం పట్టుకున్నాడు.

బావగారు తిడతారని కాచుకున్నాను. తిడితే ఈసారి నేను ఊరుకోకూడదని కూడా నిశ్చయించుకున్నాను. ఆయన తిట్టలేదు. జేబులో చెయ్యి పెట్టి వెతికారు. తాళం చెవి ఇవ్వడానికి. అది లారీలోనే ఉందని గుర్తొచ్చినట్టుంది, చెయ్యి అలాగే ఉండిపోయింది.

“ఉంచుకో,” అన్నారు తమ్ముడితో. “నీదే. ఆ ఇనుము మనిషికి రావద్దని చెబుతా.” తర్వాత, కష్టంగా, “అమ్మ కోసం నాతో అబద్ధమాడావా, వెధవా?” అన్నారు. ఆ వెధవా అన్న పిలుపులో అంత ప్రేమ ఉంటుందని నేను ఎరగను.

ఆయన టోపీని తల్లి చేతుల్లోంచి మెల్లగా అందుకున్నారు. దుమ్ము దులిపారు. నెత్తిన పెట్టుకోబోతూ ఒకసారి ఎండకి ఎత్తి చూశారు.

అందులోంచి రెండు చోట్ల వెలుతురు పడింది.

“ఇదేంటి?” అన్నారు బావగారు. రెండో పక్క కూడా గుండ్రంగా చిల్లు. మొదటిదాని కన్నా కాస్త చిన్నది. “ఇదెక్కడిది? అమ్మా, రెండో ముక్క ఏం చేశావు?”

అత్తమ్మ ఆయన వైపు తల ఎత్తింది. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థం కానట్టు చూసింది.

“అదేంట్రా అలా అడుగుతావు?” అంది. “నాకు కొడుకులు ఇద్దరు కదా.”

బావగారు ఎత్తిన టోపీని దించారు.

“నీ కారుకీ పెట్టా. ఆ రోజే. మూత కిందే. నీది కొత్త బండి, రబ్బరు బాగానే ఉంది, అయినా దాని లోపల పెట్టా. నువ్వు బండి కడుగుతావే గాని మూత ఎత్తవుగా, చూసుండవు.” ఇంత చెప్పాక ఆవిడ గొంతు తగ్గిపోయింది. “పొద్దున... పిల్లలు వెళ్ళింది...”

బావగారి చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళి బయటికొచ్చింది. అరచేతిలో బఠాణీ గింజంత బల్బు. ఆయన దాన్ని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. దీపం చెడిపోలేదు. చెప్పాల్సింది చెప్పింది. చెబుతోందనే పీకేశారు.

“ఎప్పుడు మిణుకుమనేది?” అని అడిగాను. “బావగారూ, ఆ దీపం ఎప్పుడు మిణుకుమనేది?”

“ఎత్తు ఎక్కేటప్పుడు,” అన్నారాయన.

నలుగురం కనుమ వైపు తిరిగాం. దాని తల మీద మబ్బు కూర్చుని ఉంది. అక్కడ ఫోను పలకదు. ఇనుము మనిషి బండి మధ్యాహ్నానికి గాని రాదు. ఈపాటికి షైర్‌గుల్ మొదటి మలుపులు దాటి ఉంటుంది. కారు బాగా లాగుతోందనుకుని, గట్టిగా తొక్కుతూ ఉంటుంది, ఆ మలుపుల్లో ఇంజన్ ఏ క్షణాన బిగుసుకుపోతుందో తెలియకుండా. ఎర్ర దీపం వెలగాల్సిన చోట చిన్న చీకటి గుంట ఉంటుంది.

“మీ దారి తెల్లగా...” అని అత్తమ్మ గొణిగింది.

“ఒరేయ్ ఎర్మెక్,” అన్నారు బావగారు. ఇంతవరకూ ఆయన తమ్ముణ్ణి ఏ సాయమూ అడగలేదు, అన్నీ ఆజ్ఞలే. “ఒరేయ్, దీన్ని... ఈ నీలెద్దుని ఎంతసేపట్లో బిగించగలవురా?”

ఎర్మెక్ అప్పటికే లారీ కిందికి దూరిపోయాడు. కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. బావగారు మోకాళ్ళ మీద పడి పానా కోసం వెతకడం మొదలెట్టారు. ఒకటి తీసి పడేస్తున్నారు, ఇంకోటి తీస్తున్నారు, సరైన పానా ఆయనకి దొరకడం లేదు.